మూడు చేతుల కమ్మరి

ఇతరుల నవలల్లో తప్పులు పడుతుందని నాకు పేరుంది కానీ, నవలలు రాస్తుందని లేదు. ఈ మాట నేనే ముందు చెప్పేస్తే నా స్నేహితురాళ్లకు శ్రమ తప్పుతుంది. ఒకసారి ఒక పెద్దమనిషి నవలలో ఇల్లాలు మూకుడులో నూనె పోసి ఆవాలు వేయగానే అవి చిటపటలాడాయి. పొయ్యి వెలిగించిన జాడ ఆ పేజీలోనే కాదు, ఆ ముందు పేజీలోనూ లేదు. దాని మీద నేను ఒకటిన్నర పేజీల సమీక్ష రాశాను. వంటింటి గురించి రాయదలచిన మగవాళ్లు ముందు ఒక కోడిగుడ్డయినా ఉడకబెట్టి చూడాలని సలహా ఇచ్చాను. ఆయన ఇప్పటికీ సభల్లో నన్ను చూస్తే పక్క వరుసలోకి తప్పుకుంటారు.

అలాంటి నేను కమ్మరి మీద నవల రాశాను.

నేను చదివింది చరిత్ర. ఇరవై ఏళ్లుగా కాలేజీలో చెబుతున్నదీ అదే. ఇనుముతో నా చుట్టరికం దోసెల పెనం దగ్గర మొదలై అట్లకాడ దగ్గర ఆగిపోతుంది. అయినా రాశాను. ఫోనులో వీడియోలు చూశాను. పెద్ద పెద్ద గడ్డాలవాళ్లు తోలు ఏప్రాన్లు కట్టుకుని, వెనక సంగీతం మోగుతుండగా, కత్తులు చేస్తుంటారు. అలాంటివి ఓ నలభై చూశాక గుర్రానికి నాడాలు కొట్టమన్నా కొట్టేస్తానన్న ధీమా వచ్చింది.

నా నాయకుడు కోపిష్ఠి. భార్యతో మాటలుండవు. ఎనిమిదో అధ్యాయంలో మిట్టమధ్యాహ్నం ఎండలో, ఆరుబయట, ఒక్కడే కొలిమి రాజేస్తాడు. ఇనుము తెల్లగా మండి నక్షత్రాలు కక్కుతుంది. అతను సమ్మెట ఎత్తి తన కోపాన్నంతా దాని మీద కుమ్మరిస్తాడు. చివరికి ఎర్రటి కొడవలిని చల్లటి కుండ నీళ్లలో ముంచుతాడు. బుస్సుమని ఆవిరి. గుమ్మంలో మజ్జిగ చెంబుతో నిలబడి ఇదంతా చూస్తున్న భార్య కళ్లలో నీళ్లు. నా కళ్లలోకి కూడా వచ్చాయి, రాస్తున్నప్పుడు. "పుస్తకానికి గుండెకాయ ఎనిమిదో అధ్యాయమే మేడం," అన్నాడు మా ప్రచురణకర్త. పుస్తక ప్రదర్శనకు అందాలంటే రెండు వారాల్లో ఆఖరి ప్రతి ఇచ్చేయాలని, ఒక్క రోజు దాటినా వచ్చే ఏడాదికే పోతుందని హెచ్చరించాడు. నేను నవ్వాను. కామాలు సరిచూసుకోవడానికి రెండు వారాలెందుకు?

ఈలోగా మా ఇంట్లో కత్తిపీట మొద్దుబారింది. దొండకాయ పెడితే నలుగుతోంది తప్ప తెగడం లేదు. కొత్త చాకు కొనుక్కోమన్నారు మావారు. కొత్త చాకు ముందు నేను కూర్చోలేను, నిలబడాలి, నిలబడి దొండకాయలు కోసే ఓపిక నాకు లేదు అని పది నిమిషాలు వాదించి, ఆ కత్తిపీటను పాత దుప్పటిలో చుట్టి సంచీలో పెట్టుకుని అల్వాల్‌లో బస్సెక్కాను. రెజిమెంటల్ బజార్ వెనక ఒక సందులో కొలిమి ఉందని మా కాలేజీ అటెండరు చెప్పాడు.

రేకుల షెడ్డు. ముందు నల్ల టార్పాలిన్ దించి ఉంది. లోపలికి వెళ్తే పట్టపగలే చీకటి పడినట్టుంది. కొలిమి మాత్రం ఎర్రగా వెలుగుతోంది. తిత్తి లేదు, దాని బదులు చిన్న కరెంటు ఫ్యాను గాలి ఊదుతోంది. యాభై దాటిన ఒకాయన పటకారుతో గడ్డపార పట్టుకుని దాగలి అనే ఇనుప దిమ్మె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆయనకెదురుగా ఒకామె, బక్కపలచటి మనిషి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, రెండు చేతులా సమ్మెట పట్టుకుని నిలబడింది.

"ఏందన్నా ఇంత చీకటి? ఒక లైటన్న పెట్టుకోవద్దా?" అన్నాను. చనువుగా తప్పులు పట్టడం నా అలవాటు.

"లైటేస్తే ఇనుము రంగు కనవడది మేడం," అన్నాడాయన తలెత్తకుండా. "ఎండల సుత అంతే. నీడల చూస్తెనే తెలుస్తది ఎంత కాగిందో."

నా నాయకుడు మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడి ఉన్నాడని గుర్తొచ్చింది. సరేలే, ఒక మేఘం తెప్పిస్తే పోతుంది అనుకుని స్టూలు మీద కూర్చున్నాను.

చాలాసేపు చూశాను. ఆయన కుడిచేతిలోని చిన్న సుత్తెతో గడ్డపార మొన మీద ఒకచోట టింగ్‌మని తాకుతాడు. సరిగ్గా అక్కడే ఆమె సమ్మెట ధమ్మని పడుతుంది. ఆయన గడ్డపారను కొంచెం తిప్పి మరోచోట టింగ్. అక్కడ ధమ్. ఇక చాలనుకున్నప్పుడు సుత్తెతో ఇనుము మీద కాకుండా వట్టి దాగలి మీద కొడతాడు, ఆమె ఆగిపోతుంది. ఒక్క మాట లేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం కూడా లేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో నేనూ మావారూ కలిసి ఒక దుప్పటి కూడా గొడవ లేకుండా మడత పెట్టలేదు.

"మిమ్మల్ని చూస్తుంటే ముచ్చటేస్తుంది," అన్నాను. "నోరు విప్పకుండ ఎంత అన్యోన్యంగ చేస్తున్నరు!"

ఆమె సమ్మెట దించి నుదురు తుడుచుకుంది. "మాటలు బందయ్యి మూడు దినాలాయె మేడం. అన్యోన్యం గాదది, లొల్లి."

ఆయన నా కత్తిపీట తీసుకుని అటూ ఇటూ తిప్పి చూడటంలో మునిగిపోయాడు. దాని నిండా కొబ్బరి కోరు వాసన తప్ప చూడటానికేమీ లేదు.

నాలుక కరుచుకున్నాను. కరుచుకున్నాక ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. నేనూ ఒక కమ్మరి కథ రాశానని, వింటారా అని అడిగాను. ఇలాంటి జంట చేత బాగుందనిపించుకుంటే ముందుమాటలో రాసుకోవచ్చన్న ఆశ కూడా ఉంది.

"చదువున్రి," అందామె. "చేతులకే పని. చెవులు ఖాళీగనే ఉన్నయ్."

ఫోను తీసి ఎనిమిదో అధ్యాయం చదివాను. రేడియో నాటకంలోలాగా గొంతు పెంచి, తగ్గించి. ఇనుము తెల్లగా మండి నక్షత్రాలు కక్కిన చోటికి వచ్చేసరికి మొగుడూ పెళ్లాం ఒకరినొకరు చూసుకున్నారు.

"పాయె," అన్నాడాయన.

"ఏం పోయిందన్నా?"

"ఇనుము పాయె. గంత తెల్లగై రవ్వలెగిరినయంటే కాలిపోయినట్టే. ఇగ సుత్తె తాకితే పలుగుతది. దాన్ని అవతల పారేసుడే."

"కానీ చూసెటందుకు ఎంత అందంగ ఉంటది!"

"అన్నం మాడినప్పుడు సుత పొగ మంచిగనే లేస్తది మేడం," అందామె.

ఆవాల పెద్దమనిషి నా కళ్ల ముందు మెదిలాడు. నవ్వుతున్నాడు కూడా.

ఆ తర్వాత చల్లటి నీళ్ల వంతు వచ్చింది. ఎర్రటి కొడవలిని అమాంతం చల్లటి నీళ్లలో ముంచితే అది గాజులా పెళుసుబారుతుందట. నీళ్లు కొంచెం గోరువెచ్చగా ఉండాలట. అంచు వరకే ముంచాలట. తీశాక మళ్లీ కాస్త సెగ చూపించాలట. నేను ఒక్కో మాటకూ వాదించాను. వీడియోలో అలా చూపలేదన్నాను. కథలో కొంత స్వేచ్ఛ ఉంటుందన్నాను. ఆయన ప్రతిదానికీ "కావచ్చు మేడం" అని తల ఊపాడు. ఒప్పుకోని మనిషి తల ఊపితే నాకు ఒళ్లు మండుతుంది.

ఆమె మాత్రం తల ఊపలేదు.

"గది సరేగని, సమ్మెట ఎవలు గొట్టిన్రు?"

"ఆయనే."

"పటకారు ఎవలు వట్టిన్రు?"

"ఆయనే."

"మరి ఎక్కడ గొట్టాల్నో చూపే చిన్న సుత్తె?"

నేను ఆగాను. "ఆయనే."

"మూడు చేతులా మేడం మీ ఆయనకు?"

"మా ఆయనకు కాదు, నా నాయకుడికి."

"ఎవలికైతేంది! గప్పుడు వాని పెండ్లాం ఏం జేస్తున్నది?"

"గుమ్మంలో మజ్జిగ చెంబు పట్టుకుని..."

ఆమె సమ్మెటను గోడకు ఆనించి, కొంగు దులుపుకుని, టార్పాలిన్ పైకెత్తి బయటికి వెళ్లిపోయింది.

ఆయన కొలిమిలో బొగ్గు కదిలించాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "మీరు సుత గదే జేసిన్రు మేడం. మూడు దినాల కింద ఒక కెమెరా ఆయన వచ్చిండు, వీడియో తీస్తనని. 'అమ్మా, జెర పక్కకు జరుగు, అడ్డమొస్తున్నవ్' అన్నడు ఆమెను. ఆమె నా దిక్కు చూసింది. నేను సుత జరగమన్న."

"మరి సమ్మెట?"

"నేనే ఎత్తిన, ఒంటిచేత్తోటి. వీడియో మంచిగొచ్చిందన్నడు." సిగ్గుపడుతూ మూలకు చూపించాడు. "గడ్డపారనే వంకరయింది."

ఇంటికి వచ్చేదాకా బస్సులో మనసులోనే వాదిస్తూ ఉన్నాను. అవతలి పక్షం లేని వాదన కాబట్టి అన్నీ నేనే గెలిచాను. ఇంట్లో మావారికి చెప్తే, ఆయన పేపరు కిందికి దించి, "అయితే ఆ పెద్దమనిషికి ఆవాలు, నీకు మజ్జిగ చెంబు అన్నమాట," అన్నారు. ఆ మాటకు అర్థం అడగలేదు. అర్థమయింది కాబట్టి. ప్రచురణకర్తకు ఫోను చేస్తే అతను తేలిగ్గా తీసుకున్నాడు.

"వదిలెయ్యండి మేడం. చదివేవాళ్లలో కమ్మర్లెంతమంది ఉంటారు? ఎవరికి తెలుస్తుంది?"

సరిగ్గా ఈ మాట ఇంకెవరైనా అని ఉంటే నేను ఒకటిన్నర కాదు, మూడు పేజీలు రాసేదాన్ని. ఆవాల గురించి ఎవరికి తెలుస్తుందని ఆ పెద్దమనిషి కూడా అనుకునే ఉంటారు. నాకు తెలిసింది. ఇప్పుడు నా పుస్తకం గురించి కూడా ఒక మనిషికి తెలుసు. చేతిలో సమ్మెట ఉన్న మనిషికి. ఇంకా తొమ్మిది రోజులున్నాయి కదా, మార్చి ఇస్తానన్నాను. "గుండెకాయ మేడం, జాగ్రత్త," అన్నాడు.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆమె నన్ను చూసి, "మళ్లొచ్చిన్రా? కత్తిపీట ఇంక కాలె," అంది. కత్తిపీట కోసం రాలేదని, పని నేర్పమని అడిగాను. ఆమె పైనుంచి కిందికి ఒకసారి చూసింది. నా ఇస్త్రీ చీరనూ, మోకాళ్ల నొప్పికి వేసుకున్న చెప్పులనూ.

"పట్టున్రి," అని సమ్మెట నా చేతికిచ్చింది.

నిండు గ్యాసు సిలిండరు జరిపినప్పుడు కూడా నా నడుము అన్ని మాటలు అనలేదు. ఎత్తాను. ఆయన చల్లటి ఇనుప ముక్క ఒకటి దాగలి మీద పెట్టి టింగ్‌మన్నాడు. నేను కళ్లు మూసుకుని దించాను. ధమ్ అని వినబడింది కానీ, దాగలి నుంచి కాదు.

"మేడం," అన్నాడాయన, అప్పటికే రెండు గజాల అవతలికి జరిగి, "ఇనుమును గొట్టాలె. భూమిని గాదు."

ఆమె పగలబడి నవ్వింది. అప్పటిదాకా 'మేడం' అన్న మనిషి నవ్వు ఆగాక, "అక్కా, కండ్లు మూస్తే ఎట్లనే? సమ్మెట చెయ్యి ఎటు వోతే అటు వోదు, కండ్లు ఎటు వోతే అటు వోతది," అంది. గడ్డపారలకు మొనలు పెట్టించుకోవడానికి వచ్చిన మేస్త్రీ ఒకాయన, నా దెబ్బ ఇనుముకు తగులుతుందని ఎవరైనా పందెం కాస్తారా అని అడిగాడు. ఆయనకు నేను ఏం సమాధానం చెప్పానో ఇక్కడ రాయను. పదకొండో దెబ్బకు ఇనుము తగిలింది. ఆ మోత భుజాల దాకా వచ్చి, రాత్రి అన్నం కలుపుకునేటప్పటికి కూడా చేతిలోనే ఉంది.

మూడు రోజులు కూర్చుని అధ్యాయం తిరగరాశాను. ఎండ తీసేశాను. నక్షత్రాలు తీసేశాను. తీసేటప్పుడు బాధపడ్డాను, అబద్ధమెందుకు. భార్య చేతిలో చెంబు తీసి సమ్మెట పెట్టాను. ఇద్దరికీ మాటలు లేవు, పని మాత్రం ఆగలేదు. ఇప్పుడు గొడవ ఎలా చూపించాలి? నాకో ఉపాయం తోచింది. ఆయన ఒకచోట టింగ్‌మంటాడు. ఆమె కోపంతో కావాలని పక్కన వేస్తుంది. ఆ ఒక్క తప్పు దెబ్బలో ఆమె మనసంతా బయటపడుతుంది. ఇది రాసి, నా భుజం నేనే తట్టుకోబోయి, నొప్పికి ఆగిపోయాను.

తీసుకెళ్లి చదివాను. కథలో భార్య సమ్మెట ఎత్తగానే కమ్మరాయన భార్య ముఖం విప్పారింది. తప్పు దెబ్బ దగ్గర మూసుకుపోయింది.

"కోపంతోటి పక్కకేసిందా?"

"అవును. అక్కడ ఆమె మనసు బయటపడుతది."

"బయటపడేది మనసు గాదక్కా. ఆయన వేలు."

ఆయన పటకారు పక్కన పెట్టి, నల్లటి చేతులు రెండూ నా ముందు చాపాడు. "ఇగో, లెక్కవెట్టున్రి. పదికి పది ఉన్నయ్. ఇరవై ఆరేండ్ల సంది గీమె సమ్మెట కొడుతున్నది. మాకు లొల్లి కాని నెల లేదు. ఎవలి పుణ్యం మేడం గీ వేళ్లు?"

"గీ మాట గా కెమెరా ముంగట జెప్పాల్సింది," అందామె, గోడవైపు తిరిగి.

"జెప్తుంటి. నువ్వప్పటికే అలిగి వోతివి."

"జరగమన్నంక నిలవడతరా ఎవరన్న?"

అది వాళ్లు నా ఎదుట నేరుగా ఆడుకున్న మొదటి మాట. నేను కదలకుండా కూర్చున్నాను. నా జీవితంలో ఇతరుల గొడవలో తీర్పు చెప్పకుండా ఉన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఇది ఒకటి. వాళ్లిద్దరూ ఇంకాసేపు వాదులాడుకుని, అలసిపోయి, నా వైపు తిరిగారు.

"మరి కోపం ఎట్ల తెలుస్తది?" అని అడిగాను. "ఆ మొదటి దినం నేను ఇక్కడ కూర్చుంటే నాకే తెలవలె. చదివేటోళ్లకు ఎట్ల తెలుస్తది?"

ఆమె ఆలోచించింది. "దెబ్బల ఉండదక్కా కోపం. దెబ్బ అయినంక ఉంటది. ఎప్పటి లెక్కనైతే ఆయన ఆపమనంగనే నేను సమ్మెట దించి బొగ్గు కదుపుత. గా మాటలు బందైన దినాలు ఆగిన, నిలవడ్డ. గంతే. ఆయనే లేచి వోయి కదుపుకున్నడు."

"నేను సుత," అన్నాడాయన, తానూ వెనకబడకూడదన్నట్టు. "ఆపమనేటప్పుడు దాగలి మీద రెండు సార్లు మెల్లగ గొడ్త. గా దినాలల్ల ఒక్కటే గొట్టిన. గట్టిగ."

"తెలిసింది నాకు."

"తెల్వాల్ననే గొట్టిన."

నలభై వీడియోల్లో ఎక్కడా లేని సంగతి ఇది. నేను ఆ రోజు బస్సులో టికెట్ల వెనక రాసుకుంటూ నా స్టాపు దాటిపోయి, రెండు స్టాపులు వెనక్కి నడిచాను. దారంతా అదే సంతోషం.

గడువు చివరి రోజున, సాయంత్రంలోగా పంపకపోతే అచ్చుకు వెళ్లదని ప్రచురణకర్త పొద్దున్నుంచి రెండుసార్లు గుర్తుచేశాక, మూడో ప్రతితో షెడ్డుకు వెళ్లాను. వీళ్లు కాదంటే ఈ ఏడాది పుస్తకం లేదు, అంత ఖాయంగా అనుకుని వెళ్లాను. మేస్త్రీ గడ్డపారలతో అక్కడే ఉన్నాడు. పని ఆపి ముగ్గురూ కూర్చున్నారు. ఈసారి గొంతు పెంచలేదు, తగ్గించలేదు. మామూలుగా చదివాను. కొడవలి సాగుతుంటుంది. టింగ్, ధమ్. ఒక్క దెబ్బ కూడా తప్పదు. ఆయన దాగలి మీద ఒక్కసారి గట్టిగా కొడతాడు. ఆమె ఆగి నిలబడుతుంది. బొగ్గు మీద బూడిద పేరుకుంటోంది. ఆమె కదలదు. ఆయన లేచి కదుపుకుంటాడు. ఈలోగా ఇనుము రంగు దిగిపోతుంది. మళ్లీ కాచాలి. మళ్లీ కొట్టాలి. మూడోసారికి ఆయన దాగలి మీద రెండుసార్లు మెల్లగా కొడతాడు. అక్కడ అధ్యాయం ముగుస్తుంది.

ఎవరూ బాగుందనలేదు.

"వానిదే తప్పు," అన్నాడు కమ్మరాయన ఉన్నట్టుండి. "రంగు దిగుతున్నది కండ్లకు కనవడుతుంటే గట్లనే కూసుండె. ముందే లేచి కదుపుకోవాలె."

"ఆయన ఎందుకు లేవాలె?" అందామె. "అడగాలె ఆమెను. నోరు లేదా? ఏం, అడిగితే ముత్యాలు రాల్తయా?"

"ఆమెకు కనవడ్తలేదా? సమ్మెట వట్టుకోని బొమ్మ లెక్క నిలవడ్డది."

"నిలవడ్తది! నేనైతే ఇంకో రెండు దినాలు నిలవడ్తుంటి. ఆమె మంచిది గాబట్టి మూడోసారికే..."

"మూడోసారికి ఆమె ఏం జేసిందో రాయలె గద మేడం," అన్నాడు మేస్త్రీ నాతో. "రెండుసార్లు మెల్లగ కొట్టిండు సరే. గప్పుడు బొగ్గు కదిపిందా, లేదా?"

"కదిపింది," అన్నాడు కమ్మరాయన.

"నీకేం తెలుసు? కదపలె," అందామె.

నేను ఫోను తీసి, అధ్యాయం పంపించే గుర్తు మీద వేలితో నొక్కాను. అది వెళ్లిపోయింది. కానీ వాళ్లెవరూ నా వైపు చూడలేదు. "గా ఆయన ఏ ఊరోడు మేడం?" అని అడిగాడు కమ్మరాయన. "మా మేనమామ దిక్కు ఒకడున్నడు, అచ్చం గట్లనే మొండోడు." నేను నోరు తెరిచేలోగా, "ఆమె ఏ ఊరో చెప్పక్కా ముందు," అందామె. "గసువంటోని తోటి ఎట్ల ఏగుతున్నదో, ఒకపాలి వోయి కలిసొస్త."